సూక్ష్మతరంగములు – లోహపు నానోకణములు

బంగారము ఏ రంగులో ఉండును అని అడిగినచో, పచ్చగా ఉండునని చిన్నపిల్లలు సైతము చెప్పుదురు. నాణెమైనను, గొలుసైనను, పలుచని రేకైనను బంగారము బంగారు రంగులోనే కనిపించును. కాని అదే బంగారమును కంటికి కనబడనంత చిన్న రేణువులుగా చేసి నీటిలో నిలిపినచో, ఆ నీరు కెంపువలె ఎఱ్ఱగా ప్రకాశించును. రేణువుల పరిమాణము పెరిగినకొలది ఆ ఎరుపు ఊదా రంగునకును, పిమ్మట నీలమునకును తిరుగును. వెండి రేణువులు నీటికి పసుపు రంగునిచ్చును. లోహము మారలేదు, దాని పరిమాణము మాత్రమే మారినది. పరిమాణముతో పాటు గుణమును మారినది.

ఈ వింత మానవునకు చాలకాలము నుండి తెలియును. దాని కారణము మాత్రము తెలియదు. క్రీ. శ. 4వ శతాబ్దిలో రోమను పనివారు తయారుచేసిన లైకర్గసు పాత్ర నేడు లండనులోని బ్రిటిషు మ్యూజియములో ఉన్నది. వెలుతురు దానిపై పడినపుడు ఆ గాజుపాత్ర ఆకుపచ్చగా కనిపించును. దీపమును పాత్ర లోపల ఉంచినచో ఎఱ్ఱగా కనిపించును. ఆ గాజులో అతి సూక్ష్మమైన వెండి, బంగారు రేణువులు కలిసియుండుటయే దీనికి కారణము. ఈ విషయమును శాస్త్రీయముగా మొదట పరిశోధించినవాడు మైకేల్ ఫారడే. ఆయన 1857లో బంగారు లవణపు ద్రావణమును భాస్వరముతో క్షయకరణము చేసి, కెంపు రంగు ద్రవమును తయారుచేసెను. ఆ ద్రవములో బంగారము మిక్కిలి సూక్ష్మమైన రేణువులుగా ఉన్నదని ఆయన గ్రహించెను. ఆయన తయారుచేసిన సీసాలు కొన్ని లండనులోని రాయల్ ఇన్‌స్టిట్యూషనులో నేటికిని భద్రముగా ఉన్నవి. వాటి ఎరుపు ఇంకను పోలేదు.

ఇట్టి రేణువులనే నేడు నానోకణములు అందురు. వీటిని తయారుచేయుట కష్టము కాదు. అన్నిటిని ఒకే పరిమాణములో తయారుచేయుటయే కష్టము. వంటయింటి మైక్రోవేవ్ ఓవెనులో పనిచేయు తరంగములే ఈ పనిలో రసాయన శాస్త్రజ్ఞులకు సహాయపడుచున్నవి. అది ఎట్లో, ఎంతవరకో ఈ వ్యాసమున తెలిసికొందము.

ఎంత చిన్నవి?

మీటరును నూరు కోట్ల భాగములు చేసినచో అందులో ఒక భాగము ఒక నానోమీటరు. మన తలవెంట్రుక మందము సుమారు 80,000 నానోమీటర్లు. సాధారణముగా 1 నుండి 100 నానోమీటర్ల వరకు గల కణములను నానోకణములు అందురు. 10 నానోమీటర్ల వ్యాసము గల బంగారు గోళములో ఇంచుమించు 31,000 పరమాణువులు ఉండును. 3 నానోమీటర్ల గోళములో సుమారు 800 మాత్రమే ఉండును. అందులో నూటికి నలుబదికి పైగా ఉపరితలముననే ఉండును.

ఉపరితలము ఎంత పెరుగునో ఒక లెక్క వేసి చూడవచ్చును. ఒక్కొక్క భుజము 1 సెం. మీ. గల బంగారు ఘనమును తీసికొనుడు. దాని ఆరు ముఖముల వైశాల్యము 6 చదరపు సెంటీమీటర్లు. అనగా ఒక తపాలా బిళ్ళ వంటిది. ఆ ఘనమును 10 నానోమీటర్ల భుజము గల చిన్న ఘనములుగా కోసితిమని అనుకొనుడు. ఇపుడు వాటి ఉపరితలము మొత్తము 600 చదరపు మీటర్లగును. మన పొలముల లెక్కలో ఇంచుమించు 15 సెంట్ల భూమి! బంగారము మాత్రము అంతకుముందున్న 19.3 గ్రాములే.

రసాయన చర్యలు ఘనపదార్థముల ఉపరితలము మీదనే జరుగును. కావున ఉపరితలము పెరిగినకొలది లోహము చురుకుదనము పెరుగును. గాలికి, నీటికి చలింపని బంగారము కూడ 5 నానోమీటర్ల కన్న చిన్న కణములుగా తగిన ఆక్సైడు మీద నిలిచినపుడు, విషవాయువైన కార్బన్ మోనాక్సైడును మంచు కన్న చల్లని వేడిమి వద్దనే ఆక్సీకరణము చేయునని 1987లో జపానులో మసతకే హరుత ప్రకటించెను. బంగారమునకు ఉత్ప్రేరకముగా విలువ లేదని అంతవరకు భావించుచుండిరి.

బంగారు నానోకణములు నేడు సామాన్యుల ఇండ్లలోనికి కూడ వచ్చినవి. గర్భ నిర్ధారణకు వాడు పట్టీ మీదను, 2020 తరువాత అందరును చూచిన కోవిడ్ పరీక్షా పట్టీలలో అనేకముల మీదను కనిపించు ఎఱ్ఱని గీత బంగారు నానోకణముల గుంపే. కణములు ఒకటి చిన్నది, ఒకటి పెద్దది అయినచో, లేక ఒకదానికొకటి అతుకుకొనినచో, గీత రంగు మారును, వెలవెలబోవును. ఒక పెట్టెలోని పట్టీకిని మరియొక పెట్టెలోని పట్టీకిని పోలిక కుదరదు. కావున కణములన్నియు సమముగా ఉండుట అందముకొఱకు కాదు. ఆ గీతను చూచి రోగి యొక్క స్థితిని నిర్ణయించువారు దానినే నమ్ముకొనియున్నారు.

విత్తనములు ఒక్కసారి మొలకెత్తవలెను

లోహపు నానోకణములను తయారుచేయుటకు సాధారణముగా లోహ లవణమును ఒక ద్రవములో కరగింతురు. అపుడు లోహము అయానులుగా ద్రవములో వ్యాపించియుండును. దానికి ఎలక్ట్రానులను ఇచ్చు పదార్థమును, అనగా క్షయకరణిని కలుపుదురు. ఎలక్ట్రానులు లభించిన అయానులు తటస్థ పరమాణువులగును. ఆ పరమాణువులు ఒకదానితో ఒకటి చేరి కణములగును. ఆ కణములు పరస్పరము అతుకుకొని అడుగునకు దిగిపోకుండ వాటిపై పొరవలె నిలుచు మరియొక పదార్థమును కూడ చేర్తురు. దీనిని రక్షక పదార్థము అనవచ్చును.

1951లో జాన్ టర్కెవిచ్, ఆయన సహచరులు విశదపరచిన పద్ధతి దీనికి చక్కని ఉదాహరణము. మరుగుచున్న పలుచని బంగారు లవణపు ద్రావణములో సోడియము సిట్రేటును పోయుదురు. నిమ్మపండు పులుపునకు కారణమైన సిట్రిక్ ఆమ్లము యొక్క లవణమే ఇది. లేత పసుపు రంగు ద్రావణము మొదట బూడిద కలిసిన నీలముగాను, పిమ్మట ఊదాగాను, కడపట కెంపు రంగుగాను మారును. సిట్రేటు ఇచట క్షయకరణియు అగును, కణముల మీద చేరి వాటికి ఋణవిద్యుత్తు నిచ్చి ఒకదానినుండి ఒకటి తొలగియుండునట్లు చేయు రక్షకమును అగును.

అయితే పరమాణువులు చేరి కణమగుట కొంచెము కొంచెముగా జరుగు పని కాదు. రెండు మూడు పరమాణువులు చేరిన గుంపు నిలువదు. అది మరల విడిపోవును. ద్రవములో స్వేచ్ఛగా ఉన్న లోహ పరమాణువుల సంఖ్య ఒక హద్దు దాటినపుడే నిలువగల గుంపులు, అనగా కేంద్రకములు పుట్టును. అవి పుట్టగానే చుట్టుపట్ల ఉన్న పరమాణువులు వాటి మీద చేరును. పరమాణువుల సంఖ్య హద్దునకు దిగువకు పడిపోవును. అటుపై క్రొత్త కేంద్రకములు పుట్టవు, ఉన్నవి పెరుగును. కొలంబియా విశ్వవిద్యాలయమునకు చెందిన విక్టర్ లామర్, రాబర్ట్ డైనెగర్ 1950లో గంధకపు కొల్లాయిడుల పరిశీలన ఆధారముగా ఈ విషయమును స్పష్టపరచిరి.

దీనిని రైతు సులభముగా గ్రహింపగలడు. నారుమడిలో విత్తనములన్నియు ఒకే దినమున చల్లినచో నారు ఒకే ఎత్తున లేచును. నేడు కొన్ని, వారము గడచిన పిమ్మట కొన్ని చల్లినచో మడి ఎగుడుదిగుడుగా పెరుగును. కణముల విషయమును అంతే. కేంద్రకములన్నియు ఒక్క క్షణమున పుట్టినచో వాటికి ఆహారము సమముగా అందును. అవి సమముగా పెరుగును. పుట్టుక సాగదీసినట్లు జరిగినచో ముందు పుట్టినవి పెద్దవగును, వెనుక పుట్టినవి చిన్నవిగా మిగులును. అంతటితోను ఆగదు. మిక్కిలి చిన్న కణము కరగి తన పరమాణువులను పెద్ద కణమునకు అప్పగించును; చిన్న చేపను పెద్ద చేప మ్రింగినట్లు తారతమ్యము ఇంకను పెరుగును.

కావున పుట్టుకను ఒక్క క్షణమునకు పరిమితము చేయుటయే ఈ విద్యలోని కీలకము. 1993లో అమెరికాలో మౌంగి బావెండి, ఆయన విద్యార్థులు దీనికి ఒక మార్గము చూపిరి. బాగుగా కాగిన ద్రవములోనికి చల్లని ముడిపదార్థములను ఒక్కసారిగా చిమ్మిరి. కేంద్రకములు ఒక్కుమ్మడిగా పుట్టినవి. వెంటనే వేడిమి తగ్గుటచే క్రొత్తవి పుట్టుట ఆగినది. వారు చేసినవి లోహములు కాక అర్ధవాహకపు కణములు. 2023లో రసాయన శాస్త్రపు నోబెల్ బహుమానమును పంచుకొన్న ముగ్గురిలో బావెండి ఒకడు.

మరియొక మార్గము కూడ కలదు. అన్ని పదార్థములను చల్లగా ఉన్నపుడే కలిపి, ద్రవమంతటిని ఒకేసారి వేడి చేయుట. ఇది చెప్పుటకు సులభము. కాని పొయ్యి మీద ఇది సాధ్యమా?

పొయ్యి లోపము

పాయసము కాచువారికి దీని సమాధానము తెలియును. మంట గిన్నె అడుగును వేడి చేయును. అడుగు తనను తాకిన పాలను వేడి చేయును. ఆ వేడి వహనము వలనను, సంవహనము వలనను మెల్లమెల్లగా పైకి పోవును. కలియబెట్టుట మరచినచో పైన గోరువెచ్చగా ఉండగనే అడుగంటును. ప్రయోగశాలలోని నూనెతొట్టికిని ఇదే లోపము కలదు. పాత్ర గోడ వద్ద ద్రవము ముందుగా వేడెక్కును. కేంద్రకములు అచట ముందు పుట్టును. లోహము గోడకు పూతవలె పట్టును. మధ్యనున్న ద్రవము ఇంకను వేచియుండును. చిన్న పరీక్షనాళికలో ఈ తేడా స్వల్పము. పాత్ర పెరిగినకొలది తేడాయు పెరుగును.

ద్రవము బయటినుండి కాక తనలో తానే వేడెక్కినచో ఎంత బాగుండును! సూక్ష్మతరంగములు చేయునది అదియే.

సూక్ష్మతరంగములు ఎట్లు వేడి చేయును?

కాంతి, రేడియో తరంగముల వలె సూక్ష్మతరంగములును విద్యుదయస్కాంత తరంగములే. వంటయింటి ఓవెనులో వాడునవి సెకనుకు 245 కోట్ల సారులు కంపించును. వాటి తరంగదైర్ఘ్యము 12.2 సెం. మీ. వీటిని పుట్టించు మాగ్నెట్రాన్ అను సాధనము రెండవ ప్రపంచయుద్ధ కాలమున రాడారు కొఱకు అభివృద్ధి పొందినది. బర్మింగ్‌హామ్ విశ్వవిద్యాలయములో జాన్ రాండల్, హారీ బూట్ 1940లో దానికి క్రొత్త శక్తిని సమకూర్చిరి. యుద్ధము ముగియు కాలమున, 1945లో, అమెరికాలో రేథియాన్ సంస్థలో పనిచేయుచున్న పెర్సీ స్పెన్సర్ మాగ్నెట్రాన్ దగ్గర నిలిచియుండగా తన జేబులోని మిఠాయి కరగిపోవుట గమనించెనని చెప్పుదురు. ఆ గమనిక నుండియే ఈ ఓవెను పుట్టినది.

నీటి అణువులో ఆక్సిజను వైపు స్వల్పముగా ఋణవిద్యుత్తును, హైడ్రోజనుల వైపు స్వల్పముగా ధనవిద్యుత్తును ఉండును. ఇట్టి అణువును ధ్రువ అణువు అందురు. విద్యుత్ క్షేత్రములో అది దిక్సూచి ముల్లు వలె క్షేత్రము దిక్కునకు తిరుగ యత్నించును. సూక్ష్మతరంగపు క్షేత్రము సెకనుకు 490 కోట్ల సారులు దిక్కు మార్చుకొనును. అణువు అటు తిరుగునంతలో క్షేత్రము ఇటు మారును. ప్రక్క అణువులతో ఒరసికొనుచు, వెనుకబడుచు తిరుగుటలో క్షేత్రము నుండి గ్రహించిన శక్తి వేడిగా మారును. ద్రవములో లవణపు అయానులు ఉన్నచో అవియు ఇటు నటు ఊగి మరికొంత వేడిని పుట్టించును.

ఉపాధ్యాయులు ఒక పొరపాటును సవరింపవలసియున్నది. ఓవెను తరంగముల పౌనఃపున్యము నీటి అణువు సహజ కంపనముతో సరిపోవుటచేతనే నీరు వేడెక్కునని తరచు చెప్పుచుందురు. ఇది నిజము కాదు. గది వేడిమి వద్ద నీరు సూక్ష్మతరంగములను అత్యధికముగా మ్రింగునది సుమారు 20 గిగాహెర్ట్జుల దగ్గర, ఓవెనులోనివి 2.45 గిగాహెర్ట్జులు మాత్రమే. నీరు మరీ గట్టిగా మ్రింగినచో తరంగములు పైపొరలోనే ఆగిపోవును. లోపలి భాగము పచ్చిగానే మిగులును.

తరంగముల శక్తిని వేడిగా మార్చుకొను సామర్థ్యము ద్రవమును బట్టి మారును. దీనిని తెలుపు ఒక సంఖ్య కలదు. దానిని నష్టగుణకము అందము. ఓవెను పౌనఃపున్యము వద్ద, గది వేడిమిలో, ఈ సంఖ్య హెక్సేనుకు 0.02, నీటికి 0.12, ఈథైల్ ఆల్కహాలుకు 0.94, ఎథిలీన్ గ్లైకాలుకు 1.35. మోటారుబండ్ల యంత్రములను చల్లబరచు ద్రవములో వాడు గ్లైకాలే ఇది. పైన చెప్పిన వాటిలో సూక్ష్మతరంగములను మిక్కిలి ఆశగా గ్రహించునది ఇదియే. గాజు, టెఫ్లాను మాత్రము తరంగములను దాదాపు ఏ మాత్రమును అడ్డగింపవు. అందుచేత పాత్ర గోడకన్న లోపలి ద్రవమే ఎక్కువ వేడిగా ఉండును. పొయ్యి మీద జరుగుదానికి ఇది సరిగా వ్యతిరేకము.

వెండి కణముల తయారీ

1989లో ఫ్రాన్సులో ఫియెవె, లగియె, ఫిగ్లార్జ్ అను శాస్త్రజ్ఞులు గ్లైకాలు వంటి ద్రవములలోనే లోహ సమ్మేళనములను కాచి లోహపు సూక్ష్మకణములను రాబట్టు పద్ధతిని వివరించిరి. దీనిలో గ్లైకాలు రెండు పనులు చేయును: లవణమును కరగించును, వేడెక్కినపుడు ఎలక్ట్రానులను ఇచ్చి క్షయకరణియు అగును. సూక్ష్మతరంగములను వాడినచో దానికి మూడవ పనియు దొరకును: వేడిని పుట్టించునదియు అదియే.

వెండి కణములు కావలెనన్నచో సిల్వర్ నైట్రేటును, పాలీవినైల్ పిరోలిడోన్ అను రక్షక పదార్థమును గ్లైకాలులో కరగింతురు. గది వేడిమి వద్ద గ్లైకాలు క్షయకరణ శక్తి చాల స్వల్పము. కావున ద్రావణము నిశ్చలముగా ఉండును. దానిని ప్రయోగశాలకై ప్రత్యేకముగా నిర్మించిన మైక్రోవేవ్ సాధనములో పెట్టి, కలియబెట్టుచు, తరంగములను ప్రసరింపజేయుదురు. గ్లైకాలు 197 డిగ్రీల సెంటీగ్రేడు వద్ద మరుగును. ఆ వేడిమి వరకు ద్రవము త్వరగా, దాదాపు అంతటను ఒకేసారి చేరును. వేడిమి పెరిగినకొలది క్షయకరణ శక్తియు పెరుగును. వెండి అయానులు ఒక్కుమ్మడిగా పరమాణువులగును. కేంద్రకములు ఒక్కసారిగా పుట్టును. ద్రవము పసుపు రంగు తాల్చును. ఈ పని కొద్ది నిమిషములలో ముగియును. తరంగములను ఆపగానే వేడి పుట్టుటయు ఆగును; ఆరని నిప్పు, చల్లారని ఇనుప పెనము ఇచట లేవు. వెంటనే గాలితో చల్లార్చి, కణముల పెరుగుదలను కావలసినచోట నిలుపవచ్చును.

1999లో చైనా శాస్త్రజ్ఞులు ఈ విధముననే కొద్ది నానోమీటర్ల ప్లాటినపు కణములను తయారుచేసిరి. జపానులోని క్యూషూ విశ్వవిద్యాలయములో మసహరు త్సుజి, ఆయన సహచరులు బంగారము, వెండి మొదలగు లోహములతో అనేక ప్రయోగములు చేసి, వాటి సారమును 2005లో ప్రకటించిరి. లవణము, రక్షక పదార్థము, వేడి చేయు విధము వీటిని బట్టి గోళములు, ఘనములు, కడ్డీలు, తీగలు, పలకలు అను ఆకారములలో కణములు లభించును.

ఇచట తెలివిగల విద్యార్థి ఒక ప్రశ్న వేయును: ఓవెనులో స్టీలు గరిటె పెట్టకూడదు, నిప్పురవ్వలు లేచును అందురే, మరి లోహపు కణములను అందులో ఎట్లు తయారుచేయుదురు? గరిటె అంచులు, మొనల వద్ద విద్యుత్ క్షేత్రము కేంద్రీకృతమై గాలిని చీల్చుటచేత రవ్వలు లేచును. సూక్ష్మతరంగములు వెండిలోనికి సుమారు 1,300 నానోమీటర్ల లోతువరకు చొచ్చుకొనిపోగలవు. 10 నానోమీటర్ల కణము ఆ లోతు ముందు ఎంత? ద్రవములో ఒకదానికొకటి దూరముగా తేలు అట్టి కణముల వలన రవ్వలు పుట్టవు. కాని ఆ కణములు గోడ మీద అద్దపు పూతవలె చేరినచో అపాయమే. ఆ పూత గరిటె వలెనే ప్రవర్తించి గాజును పగులగొట్టగలదు.

మాయ యున్నదా?

1986లో కెనడాలో ఒక బృందమును, అమెరికాలో మరియొక బృందమును వంటయింటి ఓవెనులనే ఉపయోగించి కర్బన రసాయన చర్యలను మిక్కిలి వేగముగా జరిపించిరి. గంటలు పట్టు పని నిమిషములలో జరిగినది. అందరికిని ఆశ్చర్యము కలిగినది. వేడి మాత్రమే కాక, సూక్ష్మతరంగములలో ఏదో ప్రత్యేక శక్తి యున్నదని, అది అణువుల బంధములను సూటిగా కదలించునని పలువురు తలంచిరి.

లెక్క చూచినచో ఇది పొసగదు. సూక్ష్మతరంగపు ఒక్కొక్క ఫోటానుకు గల శక్తి ఒక ఎలక్ట్రాన్ వోల్టులో లక్షవ వంతు. సామాన్యమైన కర్బన బంధమును తెంచుటకు మూడు ఎలక్ట్రాన్ వోల్టులకు పైగా కావలెను. గది వేడిమిలో అణువులకు సహజముగా ఉండు చలనశక్తి కూడ ఆ ఫోటాను శక్తికి రెండువేల రెట్లకు పైగా ఉండును. గవ్వలతో కోట గోడను కొట్టినట్లుండును.

అయినను లెక్క ఒక్కటియే చాలదు, ప్రయోగము కావలెను. ఆస్ట్రియాలోని గ్రాజ్ విశ్వవిద్యాలయములో ఆలివర్ కాపే, ఆయన సహచరులు 2009లో ఒక చక్కని పరీక్ష ప్రకటించిరి. ఒకే ఆకారము గల రెండు పాత్రలను తీసికొనిరి. ఒకటి గాజుది, తరంగములు దానిగుండ పోయి ద్రవమును సూటిగా తాకును. రెండవది సిలికాన్ కార్బైడుది. అది తరంగములను తానే మ్రింగి వేడెక్కి, ఆ వేడిని మాత్రమే ద్రవమునకు అందించును. లోపలి ద్రవమునకు తరంగములు దాదాపు చేరవు. రెండింటిలోను వేడిమిని, కాలమును సమముగా ఉంచి పలు చర్యలను జరిపి చూచిరి. ఫలితములు ఒక్కటిగానే వచ్చినవి! తరంగములు తాకినను, తాకకున్నను, వేడిమి సమముగా ఉన్నచో ఫలము సమమే.

వెనుకటి ప్రయోగములలో కనిపించిన వింతలలో అనేకము వేడిమిని సరిగా కొలువకపోవుట వలన వచ్చినవే. పాత్ర బయట నుండి పరారుణ కిరణములతో కొలిచినచో గోడ వేడిమి తెలియును గాని, అంతకన్న వేడిగా ఉన్న లోపలి ద్రవపు వేడిమి తెలియదు. ద్రవములోనే గాజుపోగు ఉష్ణమాపకమును ముంచి కొలిచినపుడు నిజము బయటపడినది. లోహపు కణముల విషయమునను ఈ పాఠమును మరువరాదు. సూక్ష్మతరంగముల ఘనత ఏదో తెలియని శక్తిలో లేదు. వేడిని త్వరగా, ద్రవము లోపలనే పుట్టించుటలోను, కోరిన క్షణమున ఆపుటలోను ఉన్నది. కేంద్రకములు ఒక్కసారి పుట్టుటకు కావలసినది సరిగా అదియే.

హద్దులు

ఈ పద్ధతికి హద్దులును కలవు. సూక్ష్మతరంగములు నీటి వంటి ద్రవములలోనికి కొద్ది సెంటీమీటర్లు మాత్రమే చొచ్చుకొనిపోవును. చెంబెడు ద్రవమును సమముగా వేడి చేయవచ్చును. గంగాళమెడు ద్రవమును చేయలేము. అందుచేత ఎక్కువ కణములు కావలసినపుడు పెద్ద పాత్రను వాడుటకు మారుగా, సన్నని గొట్టములో ద్రవమును ప్రవహింపజేసి దారిలోనే వేడి చేయుదురు. మరియొక చిక్కు: తరంగములు లోహపు గోడలపై పడి వెనుకకు మరలి, ఒకదానితో ఒకటి కలిసి, కొన్నిచోట్ల బలముగాను కొన్నిచోట్ల బలహీనముగాను ఉండును. వంటయింటి ఓవెనులో పళ్ళెము తిరుగుచుండుటకు ఇదే కారణము. ప్రయోగశాల సాధనములలో పాత్ర ఎక్కడ ఉండవలెనో నిర్ణయించి, ద్రవమును కలియబెట్టుచుందురు. విద్యుత్తు పొదుపును గురించియు అతిగా చెప్పరాదు. మాగ్నెట్రాన్ తాను తీసికొన్న విద్యుత్తులో సుమారు మూడింట రెండు వంతులను మాత్రమే తరంగములుగా మార్చగలదు.

తరగతిలో చేయదగినది

లోహ లవణములతో చేయు ప్రయోగములను వంటయింటి ఓవెనులో ఎన్నడును చేయరాదు. మూసిన పాత్రలో ద్రవము మరిగినచో పేలును. వెండి, బంగారు లవణములును, గ్లైకాలును దేహమునకు హాని చేయును. ఒకసారి రసాయనములు పెట్టిన ఓవెనులో మరల అన్నము వండరాదు. తగిన సాధనములు గల ప్రయోగశాలలలోనే ఆ పని జరుగవలెను.

అయితే తరంగముల బలాబలములను కంటితో చూచుటకు ఒక నిరపాయమైన మార్గము కలదు. ఉపాధ్యాయుని సమక్షమున ఓవెనులోని తిరుగు పళ్ళెమును తీసివేసి, కదలని చదునైన గాజు పళ్ళెము మీద పచ్చి అప్పడములను ఒకదాని ప్రక్క ఒకటి పరచుడు. కొద్ది సెకనులు మాత్రము ఓవెనును నడిపి ఆపుడు. అప్పడములు అంతటను ఒకే విధముగా పొంగవు. కొన్ని చోట్ల ముందుగా పొంగి తెల్లబడును. దగ్గర దగ్గరగా ఉన్న రెండు పొంగుల నడుమ దూరమును కొలువుడు. చాల చోట్ల అది ఇంచుమించు 6 సెం. మీ. ఉండును, అనగా తరంగదైర్ఘ్యములో సగము. దానిని రెట్టింపు చేసి, ఓవెను వెనుక రేకు మీద వ్రాసియుండు పౌనఃపున్యముతో హెచ్చవేయుడు. 12 సెంటీమీటర్లను 245 కోట్లతో హెచ్చించినచో సెకనుకు 2,94,000 కిలోమీటర్లు వచ్చును. అప్పడముతో కాంతి వేగమును కొలిచినట్లే గదా! అచ్చటచ్చట పచ్చిగా మిగిలిన అప్పడము మరియొక విషయమును కూడ బోధించును: సూక్ష్మతరంగముల వేడి తనంతట తాను సమము కాదు; దానిని సమము చేయుట మనుజుని పని.

ఫారడే సీసాలోని ఎరుపు 1857 నాటిది. ఆయనకు ఆ కణములను చూచు సాధనము లేదు, వాటిని కొలుచు సాధనము లేదు. పరిమాణముతో గుణము మారునను సత్యము మాత్రము ఆయనకు తోచినది. నేడు మనకు ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినియు, సూక్ష్మతరంగ సాధనములును ఉన్నవి. అయినను మన కణములు సమముగా ఉండునా లేదా అనునది, వేడిని ఎంత త్వరగా ఇచ్చితిమి, ఎంత సమముగా ఇచ్చితిమి, ఎంత సరిగా కొలిచితిమి అను మూడు ప్రశ్నల మీదనే ఆధారపడియున్నది. క్రొత్త సాధనము చేతికి వచ్చినపుడు దాని వేగమును చూచి మురియుటకు ముందు ఉష్ణమాపకమును సరియైన చోట ముంచితిమా అని అడుగు అలవాటు విద్యార్థికి కలిగినచో, రసాయన శాస్త్రములో అతని మొదటి అడుగు సరిగా పడినట్లే.